దిబ్బ మీద దీపం

నాన్న సంవత్సరీకాలు అయ్యాక ఒక మధ్యాహ్నం అందరం వాటాల కాగితాలు ముందేసుకుని కూర్చున్నాం. తాతగారి కాలం నాటి దస్తావేజు. మడతల దగ్గర చిరిగిపోయింది. గొలుసుకట్టు రాతలో అక్షరం మీదికి అక్షరం ఎక్కి ఉంది. అన్నయ్య కూడబలుక్కుని చదువుతున్నాడు. పెంకుటిల్లు, దొడ్డి, నూతిలో సగభాగం, వామి వేసుకునే జాగా, ఊరికి తూర్పున దిబ్బ స్థలం మూడు సెంట్లు. అక్కడికి వచ్చేసరికి మా మేనల్లుడు ఆపాడు.

"దిబ్బ స్థలం అంటే ఏంటత్తా?"

పెంట వేసుకునే చోటు అని చెప్పాను. "చెత్త వేసే చోటుకి కూడా హద్దులు రాసి రిజిస్టరు చేయించుకున్నారా!" అన్నాడు వాడు. పుట్టిందీ పెరిగిందీ హైదరాబాదులో. వెంటనే ఫోనులో వెతికి, మట్టిపోగు, ఎత్తుగా ఉన్న నేల, ఇసుక మేట, పాడుపడిన చోటు అని నాలుగు అర్థాలు పైకి చదివాడు. అన్నీ సరైనవే. కానీ మా నాయనమ్మ దిబ్బ ఆ నాలుగింటిలో ఎక్కడా లేదు. ఆ పూట వాటాల మాట పక్కకు పోయి, నా బుర్రంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరిగింది.

మా ఊరు కృష్ణ పడమటి డెల్టాలో, భట్టిప్రోలుకు నాలుగైదు మైళ్ళ దూరం. ఊరి తూర్పు కొసన, చెరువుగట్టు దాటగానే, ఇంటికొకటి చొప్పున దిబ్బలుండేవి. ఎవరి దిబ్బ వారిదే. పొద్దున్నే కొట్టంలో తీసిన పేడ, గేదెలు తొక్కి తడిపిన గడ్డి, పొయ్యిలో బూడిద, వాకిట్లో ఊడ్చిన కసువు, కూరల తొక్కలు, అన్నీ గంపకెక్కి అక్కడికి చేరేవి. చలికాలం తెల్లవారుజామున దిబ్బ మీంచి ఆవిరి లేచేది. చేయి పెడితే లోపల వెచ్చగా ఉండేది. ఎవరూ విత్తకుండానే దాని మీద గుమ్మడిపాదు మొలిచి, పాకి, ఊళ్ళో మరే పెరట్లోనూ కాయనంత కాయలు కాసేది.

ఉగాది దాటి చేలు ఖాళీగా ఉన్న రోజుల్లో దిబ్బ తోలేవారు. ఆ రోజు నాకు బడి ఉన్నా మనసంతా అక్కడే. పలుగుతో నిలువుగా గాటు పెట్టి ఒక పెళ్ళ విరిస్తే, లోపల పొరలు పొరలుగా కనబడేది. అడుగున నిరుటి ఎండాకాలం దుమ్ము, దాని మీద వానలకు కుళ్ళిన నల్లటి పొర, పైన కోతలప్పటి పసుపుపచ్చ గడ్డి, మధ్యలో సన్నగా, తెల్లగా పండగ నాటి బూడిద. మా ఇల్లు ఒక సంవత్సరం పాటు ఏం తిన్నదో, ఏం పారేసిందో, ఎన్ని గొడ్లు కట్టేసిందో, ఆ గాటు చూస్తే తెలిసిపోయేది. విరిగిన గాజు ముక్క దొరికితే అది ఏ పండక్కి వేసుకున్నదో నాయనమ్మ చెప్పగలిగేది.

ఒకసారి నేను చెప్పులతో దిబ్బ ఎక్కి నిలబడ్డాను. నాయనమ్మ దూరాన్నుంచే కేకేసింది. "దిగవే ముందు. అన్నం పెట్టే చోటు మీద చెప్పుల కాళ్ళేంటే!" యూరియా బస్తాలు అప్పటికే ఊళ్ళోకి వచ్చాయి. ఆవిడ వాటిని తిట్టేది కాదు, వాటితో పోల్చి చెప్పేది. "అది మొక్కకి పెట్టేదే పిల్లా, ఇది నేలకి పెట్టేది. మొక్క ఈ ఏడుంటది, నేల రేపూ ఉండాలిగా." దిబ్బెరువు వేసిన చేనులో మడమ మెత్తగా దిగుతుందని ఆవిడ నడిచి చూసి చెప్పేది. మట్టి పరీక్ష అన్న మాట నేను కాలేజీలో వినడానికి చాలా ముందు సంగతి అది.

ఇక్కడ దాటేయకూడని సంగతి ఒకటుంది. నేను ఇంత ముచ్చటగా చెబుతున్న ఆ గంప నాయనమ్మ నెత్తిన ఎప్పుడూ ఎక్కలేదు. రోజూ పొద్దున పల్లె నుంచి ఒకావిడ వచ్చి కొట్టం బాగుచేసి, గంప ఎత్తుకుపోయేది. వానాకాలం గంప అడుగు నుంచి కారే మురుగు ఆవిడ మెడ మీదుగా జాకెట్టులోకి దిగడం నేను చూశాను. దిబ్బ తోలే రోజుల్లో పలుగు పట్టిందీ, గంపలు బళ్ళకెత్తిందీ, చేలో పోగులు చిమ్మిందీ ఆవిడ మనుషులే. ఆ ఎరువుతో పండిన చేను మాత్రం మాది. ఊరికీ పల్లెకూ మధ్య అసలు హద్దు ఆ దిబ్బల వరసే. దస్తావేజులో ఆ మూడు సెంట్లకు తూర్పు హద్దు రాసిన మాట కూడా అన్నయ్య చదివాడు: పల్లెకు పోవు బాట. మా ఇళ్ళలో వద్దనుకున్నదంతా ఒక మనిషి నెత్తిన పెట్టి, ఆ మనిషి ఇంటి ముందే పోగుచేశాం. దిబ్బ గొప్పతనం చెప్పేటప్పుడు ఆ మెడను మరిచిపోతే నేను చెప్పేదంతా అబద్ధమవుతుంది.

ఎత్తుగా లేచినవాటికి మన భాషలో ఎన్ని మాటలో చూడండి. పంట కోసి మనిషి వేసేది కుప్ప. నూర్చి తూర్పారబట్టి కళ్ళంలో పోసేది రాశి. రాశి పోశాక దాని చుట్టూ బూడిదతో గీత గీసేవారు, చెయ్యి పడితే తెలియాలని. గడ్డిని పేర్చి కట్టేది వామి. నేలలోంచి రాయిగా లేచి నిలబడేది గుట్ట. తెలంగాణ మిత్రులు గుట్ట అన్నదాన్ని మేము కొండ అంటాం. నీళ్ళు నిలవని ఎత్తు నేల మెరక, వానకోసం ఆకాశం కేసి చూసే నేల మెట్ట. సీమలో దిన్నె అంటారు. కర్నూలు పక్కన దిన్నెదేవరపాడు అని ఊరి పేరులోనే ఉంది. గడ్డ అన్న మాట తెలంగాణలో కాలు మోపి నిలబడే నేల. దానికి దగ్గరగా వినిపించే గెడ్డ ఉత్తరాంధ్రలో పారే వాగు. పల్లానికి ఎదురుగా మిట్ట. సూర్యుడు నడినెత్తికి వచ్చిన వేళను చెప్పే మిట్టమధ్యాహ్నంలో కూడా నా చెవికి ఈ మిట్టే వినబడుతుంది. ఈ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు ఎండలో గట్టెక్కి వస్తున్న మనిషి కనిపిస్తాడు.

ఇన్ని మాటల్లో దిబ్బది వేరే దారి. కుప్ప వేస్తాం, వామి పేరుస్తాం, రాశి పోస్తాం. దిబ్బను ఎవరూ తలపెట్టి కట్టరు. రోజుకో గంప పడుతూ పడుతూ ఒకనాటికి అది దిబ్బ అవుతుంది. బతుకు దాని పాటికి అది సాగుతుంటే, పక్కన పెరిగే ఎత్తు అది.

పుట్ట కూడా ఇంచుమించు అలాంటిదే, కాకపోతే పనివాళ్ళు వేరు. చెదపురుగులు గింజంత మట్టిని ఉమ్మితో తడిపి అతికించుకుంటూ పోతే, మనిషెత్తు గోపురం లేస్తుంది. దానికి మాత్రం మనం దణ్ణం పెట్టాం. నాగులచవితికి పాలు పోశాం. రామాయణం చెప్పిన మునిని పుట్టలోంచి లేపి వాల్మీకి అన్నాం. తిరుమలలో స్వామి పుట్టలో దాగితే ఆవు వచ్చి పాలు కురిసిందని కథ చెప్పుకున్నాం. కొన్ని ఇళ్ళలో పెళ్ళికి ముందు మేళతాళాలతో వెళ్ళి పుట్టమన్ను తెస్తారు. ఆ మన్నుకు పేరు పుట్టబంగారం. వరాహమిహిరుడు బృహత్సంహితలో నేలలోపలి నీటి జాడ చెప్పే అధ్యాయమే ఒకటి రాశాడు. ఏ చెట్టుకు ఏ దిక్కున పుట్ట ఉంటే ఎంత లోతున నీరు పడుతుందో అందులో లెక్కలున్నాయి. చెదపురుగుకు తేమ కావాలి, అందుకోసం అది లోతుకు పోతుంది. ఆ ఎరుకను శాస్త్రం చేసుకున్నవాళ్ళం మనం. పురుగు కట్టిన పోగును అంత శ్రద్ధగా చదివిన జాతి, తన ఇంటి పోగును ఎందుకు తిట్టుగా మార్చుకుందా అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

తిట్టే మరి. ఇల్లు దిబ్బైపోను అంటాం. ఊరు పాడుదిబ్బ అయింది అంటాం. అయితే సముద్రం పక్కన బతికేవాళ్ళ దగ్గర ఈ మాటకు ఆ చేదు లేదు. కృష్ణ సముద్రంలో కలిసేచోట నాగాయలంక మండలంలో ఈలచెట్లదిబ్బ అని ఊరే ఉంది. చుట్టూ నీళ్ళు, పడవ మీద పోవాలి. అక్కడ దిబ్బ అంటే మునగని చోటు. నేల గుర్తించి, ఇక్కడ కాపురం పెట్టవచ్చు అని ఎవరో అనుకున్న చోటు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమ మీద పడి వేలమందిని మింగిన రాత్రి తరవాత, ఎత్తు అన్నది మా వైపు ఎవరికీ మామూలు మాటగా మిగల్లేదు. తీరం పొడుగునా తుపాను షెల్టర్లు స్తంభాల మీద ఎత్తుగా లేచాయి. నాయనమ్మ కొత్తగా ఎవరిల్లయినా చూస్తే గోడలు చూసేది కాదు, అరుగు ఎన్ని మెట్లుందో లెక్కపెట్టేది.

ప్రకృతి పేర్చిన దిబ్బలు చూడాలంటే విశాఖ నుంచి భీమిలి పోయే దారిలో చూడాలి. ఎర్రమట్టి దిబ్బలు. సముద్రం వెనక్కి పోయిన కాలాల్లో గాలి ఎగరేసి తెచ్చిన ఇసుక, ఇనుప తుప్పు పట్టి ఎర్రబడి, వానలకు కోసుకుపోయి లోయలయింది. దేశపు భూవారసత్వ స్థలాల్లో అదొకటి. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకీ ఎక్కింది. అందమైన చోటే. కాని నా మనసు మనుషుల దిబ్బల మీదే ఉంది, అక్కడికే వెళ్తాను.

అంతకు ముందు ఒక్క మాట రొట్టె గురించి. మినప్పప్పు నానేసి గట్టిగా రుబ్బి, వరినూక కలిపి, మందపాటి ఇత్తడి గిన్నెలో నూనె వేసి, దళసరిగా పిండి పోసి, మూత మీద కూడా నిప్పులు వేసి కుంపటి మీద నిదానంగా కాల్చేది నాయనమ్మ. అడుగు ఎర్రగా కరకరలాడుతుంది, పైన దూదిలా ఉబ్బుతుంది. చెరుకు పానకంలో ముంచుకుని తినాలి. దాని పేరు దిబ్బరొట్టె. తిట్టుకు వాడే మాటే విస్తట్లోకి వస్తే పిల్లలు కొట్టుకునేవారు, అడుగు ముక్క నాకంటే నాకని.

దిబ్బ అన్న మాట పాడుపడటానికి గుర్తు ఎలా అయిందో నాకు భట్టిప్రోలులో తెలిసింది. తొమ్మిదో ఏట నాన్న సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాడు. గడ్డి మొలిచిన ఇటుకల గుండ్రటి పోగు. ఊళ్ళో జనం దాన్ని లంజదిబ్బ అనేవారు. ఆ పేరు రాయడానికి చెయ్యి వెనకాడుతుంది, కానీ పురావస్తు నివేదికల్లోకే ఎక్కిన పేరు అది, దాచి లాభం లేదు. ఒకనాడు బుద్ధుడి ధాతువులను దాచి, దీపాలు పెట్టి, ప్రదక్షిణాలు చేసిన చోటు. కట్టినవాళ్ళు పోయారు, ధర్మం మారింది, పేరు మరుపున పడింది. ఖాళీ అయిన చోట తిట్టు వచ్చి కూర్చుంది. 1870లో బోస్వెల్ అనే అధికారి దాని గురించి రాశాడు. అక్కడి రాళ్ళు కాలువ తూము కట్టడానికి పోయాయి. మిగిలినదాన్ని 1892లో అలెగ్జాండర్ రే తవ్వితే నడిమధ్యన రాతి భరిణెలు దొరికాయి. వాటిలో స్ఫటిక భరిణెలు, బంగారు పూలు, పూసలు. రాతి మీద బ్రాహ్మీ అక్షరాలు. కుబేరకుడనే రాజు పేరు, దానాలిచ్చినవాళ్ళ పేర్లు, ఊరి నిగమసభ వాళ్ళ పేర్లు.

ఆ అక్షరాల్లో నన్ను పట్టేసిన సంగతి ఒకటుంది. మామూలు బ్రాహ్మిలో హల్లు రాస్తే అందులో అకారం ఉన్నట్టే లెక్క. భట్టిప్రోలు రాత చెక్కినవాడు ఆ అకారానికి కూడా విడిగా ఒక గుర్తు పెట్టాడు. మన తలకట్టు గుర్తొస్తుంది నాకు. పలుకు ఎక్కడా జారిపోకూడదని అంత జాగ్రత్త పడ్డ చేయి అది. ఆ జాగ్రత్త రెండు వేల ఏళ్ళకు పైగా ఒక తిట్టుపేరు కింద భద్రంగా పడుకుంది.

అమరావతి స్తూపానికి ఆ విషయంలో కాస్త మంచి పేరే దక్కింది. జనం దాన్ని దీపాలదిన్నె అన్నారు. ఏ దీపాలో, ఎవరు పెట్టినవో గుర్తులేకపోయినా, వెలుగు ఉండేదన్న సంగతి మాత్రం నోళ్ళలో మిగిలింది. పేరు మిగిలింది గాని రాళ్ళు నిలవలేదు. 18వ శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్నం కట్టించేటప్పుడు దిన్నెలోంచి ఇటుకలు, పలకలు తీసుకుపోయారు. ఆ రోజుల్లోనే కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో మళ్ళీ మనుషులతో వచ్చేసరికి దిన్నె నడుమ చెరువు తవ్వి ఉంది. మిగిలిన శిల్పాలకు అతను బొమ్మలు వేయించాడు కాబట్టి ఈవేళ మనకు ఆ మేర తెలుసు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలకలు మద్రాసుకు, అక్కణ్ణుంచి చాలావరకు లండనుకు పోయాయి. అమరావతి పేరు ప్రపంచమంతా చెప్పుకునే శిల్పాన్ని చూడాలంటే మన పిల్లలు మద్రాసు మ్యూజియానికో, బ్రిటిష్ మ్యూజియానికో పోవాలి. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు కడుపులో కలుక్కుమంటుంది. తెల్లవాళ్ళ మీద కోపం ఒక్కటే కాదు అది. వాళ్ళు రాకముందే మనం దాన్ని ఇటుకల గనిగా చూడటం మొదలుపెట్టాం కదా అన్న బాధ కూడా.

రైతులదీ ఇదే కథ. పాత ఊళ్ళు పాడుపడిన చోటును పాటిదిబ్బ అంటాం, తెలంగాణలో పాటిగడ్డ. వందల ఏళ్ళు మనుషులు, గొడ్లు మసలిన చోటు కాబట్టి ఆ మట్టి నల్లగా, సారంగా ఉంటుంది. పాటిమన్ను బళ్ళతో తోలి చేలో వేసేవారు. మా నాయనమ్మ లెక్కలో అది చాలా తెలివైన పని. తాతల దిబ్బను మనవలు పొలానికి తోలుకోవడమే. ఆ మన్నుతోపాటే పూసలు, కుండపెంకులు, నాణేలు కూడా చేలోకి పోయాయి. కరీంనగర్ వైపు పెద్దబంకూరులో తవ్వినప్పుడు శాతవాహనుల నాణేలు వేల సంఖ్యలో బయటపడ్డాయి. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో దొరికిన నాణేల మీద ఆ వంశపు తొలి రాజు పేరు చదివారు. ఇంకెన్ని పేర్లు ఎన్ని వరిచేలలో కలిసి అన్నమయ్యాయో ఎవరు చెప్పగలరు? ఆ రైతుల మీద నాకు కోపం రాదు. దిబ్బలో సారం ఉందని వాళ్ళకు తెలుసు. ఆ సారంలో కథ కూడా ఉందని చెప్పవలసినవాళ్ళు చెప్పలేదు.

ఇవన్నీ ఒక ఎత్తు, బూడిదదిబ్బలు ఒక ఎత్తు. వాటి గురించి చదివిన రాత్రి నాకు నాయనమ్మ మళ్ళీ బతికొచ్చినట్టే అయింది. బళ్ళారి, రాయచూరు, కర్నూలు, అనంతపురం, పాత మహబూబ్‌నగర్ నేలల్లో ఇలాంటివి వందకు పైగా ఉన్నాయి. బూడిద రంగులో, కొన్నిచోట్ల కరిగి గాజులా గట్టిపడిన పోగులు. భీముడు హిడింబాసురుణ్ణి చంపి కాల్చిన బూడిద అని అక్కడి జనం కథ చెప్పుకున్నారు. చూడవచ్చినవాళ్ళలో ఒకరు అగ్నిపర్వతం అన్నారు, ఇంకొకరు ఇనుము కరిగించిన చోటు అన్నారు. 1950ల చివర జాయ్‌నర్ అనే శాస్త్రవేత్త ఆ బూడిదను పరీక్షించి అది కాలిన పేడ అని తేల్చాడు. 1957లో ఆల్చిన్ అనే పురావస్తు పరిశోధకుడు పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు దిబ్బను తవ్వాడు. పొర కింద పొర. చుట్టూ కంచె గుంజలు పాతిన గుంటలు. ఒక పొర మీద గొడ్ల గిట్టల ముద్రలు, నిన్న సాయంత్రం మందను తోలినట్టు. నాలుగు వేల ఏళ్ళకు పైబడిన పెంటదిబ్బ అది. కొత్తరాతియుగపు గొడ్ల కాపరులు మందను దడి కట్టి తోలి, పోగుపడ్డ పేడను ఎప్పటికప్పుడు కాల్చి, మళ్ళీ అక్కడే మందను కట్టి, అలా తరాలపాటు పెంచిన దిబ్బ.

అంటే దక్షిణాన మన తొలి కట్టడాల్లో ఒకటి పేడదిబ్బ. కోటలు, గుళ్ళు, స్తూపాలు అన్నీ దాని తరవాతే. ఆల్చిన్ ఇంకో మాట అన్నాడు. ఎరువుగా పనికొచ్చే పేడను ఊరికే ఎందుకు కాల్చారు? ఏడాదిలో ఒక వేళకు మంటలు వేసి, పశువులను ఆ వెలుగులో నడిపించే పండగేదో ఉండి ఉంటుందని, మన భోగి, పొంగలి, హోలీ వంటివాటిలో దాని జాడ ఉండవచ్చని అతని ఊహ. ఊహే కావచ్చు. కానీ మా ఇంట్లో ధనుర్మాసమంతా వాకిట్లో గొబ్బెమ్మలు పెట్టేవాళ్ళం. పిడికెడు పేడముద్ద, నడినెత్తిన గుమ్మడిపువ్వు, పక్కన పసుపుకుంకుమలు. దిబ్బల్లోకెల్లా చిన్న దిబ్బ అది. మర్నాటికి వాటిని పిడకలు చేసి గోడకు కొట్టేది నాయనమ్మ. భోగినాడు కొన్ని మంటలోకి, మిగిలినవి రథసప్తమికి. ఆ పిడకల మంట మీద పాలు పొంగించి చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టేది. దిబ్బ మీద తీగ వేసిన గుమ్మడి పువ్వు, అదే కొట్టంలో పేడ, అదే నిప్పు, అదే బూడిద మళ్ళీ దిబ్బకి. ఉట్నూరులో గిట్టల ముద్ర వదిలిన ఆవు ఎవరిదో గాని, ఆ మంట చుట్టూ నిలబడ్డ ఆడవాళ్ళలో ఒకరు మా నాయనమ్మలాగే కొంగు బొడ్లో దోపుకుని ఉండి ఉంటుందని నాకు గట్టి నమ్మకం.

ఇప్పటి దిబ్బలు వేరు. హైదరాబాదు చెత్తంతా చేరే జవహర్‌నగర్‌లో గుట్టంత ఎత్తు పోగుపడితే, దాన్ని కప్పి మూసి పైన గడ్డి పెంచారు. మన నగరాలన్నిటి అంచునా అలాంటిది ఒకటి ఉంది. వాటి మీద గుమ్మడిపాదు మొలవదు. తవ్వి పొలానికి తోలలేం. నాయనమ్మ దిబ్బ ఏడాదికోసారి నేలలోకి తిరిగి వెళ్ళిపోయేది, మళ్ళీ ఖాళీ చోటు మిగిలేది. ఈ దిబ్బకు అలా తిరిగి వెళ్ళే దారి లేదు. దాని మీద సీసాలు, ఇనుము ఏరుకుని బతికే మనుషుల మెడలు చూస్తే మాత్రం మా ఊరి గంపే గుర్తొస్తుంది. ఆ ఒక్కటీ మారలేదు.

దీపావళి సాయంత్రం నాయనమ్మ పళ్ళెంలో ప్రమిదలు సర్దుకుని బయలుదేరేది. మొదటిది తులసికోటలో, తరవాత గడపకు రెండు, నూతి పళ్ళెం దగ్గర ఒకటి, కొట్టంలో గాటి పక్కన ఒకటి. అక్కడితో ఆగేది కాదు. కొంగు చాటు చేసి, చివరి ప్రమిద పట్టుకుని చెరువుగట్టు దాటి దిబ్బ దాకా నడిచేది. నేను వెనకాలే. మాలాగే ప్రతి ఇంటి నుంచీ ఎవరో ఒకరు వచ్చేవారు. కాసేపటికి తూర్పు కొసన వరసగా దిబ్బకో దీపం. లక్ష్మి ముందు అక్కడికే వస్తుందని ఆవిడ చెప్పేది. అవతల పల్లెలో వాకిళ్ళలోంచి చూసేవాళ్ళకు ఆ వరస ఎలా కనిపించేదో అప్పుడు అడగాలని తోచలేదు.

వాటాల్లో ఆ మూడు సెంట్లు ఎవరికీ అక్కర్లేకపోయింది. దారి పక్కన ఇరుకు ముక్క, ఇల్లు కట్టడానికి చాలదు, అమ్మితే వచ్చేది తక్కువ. నా పేర రాయమన్నాను. అన్నయ్య నా మొహం కేసి చూసి ఏమీ అనకుండా రాయించాడు.

ఈ దీపావళికి మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాను. దిబ్బల వరస ఎప్పుడో పోయింది. ఊళ్ళో గొడ్లున్న ఇళ్ళు నాలుగైదే. పల్లెకు పోయే బాట ఇప్పుడు సిమెంటు రోడ్డు, దాని వెంట డాబాలు. గంప ఎత్తిన ఆవిడ మనవరాలు అందులో ఒకదాని మెట్ల మీద దీపాలు పెడుతోంది. మమ్మల్ని చూసి, "గాలి బాగా ఉంది, అగ్గిపెట్టె తెచ్చుకున్నారా అండీ?" అని అడిగి, తన చేతిలోది ఇచ్చింది. మా స్థలంలో పిచ్చిగడ్డి, రెండు ప్లాస్టిక్ సంచులు. సంచులు వాడే తీసి పక్కన పెట్టాడు.

"ఎక్కడ పెట్టాలత్తా?"

"ఎత్తుగా ఎక్కడుందో చూసి పెట్టరా."

వాడు అటూ ఇటూ తిరిగి చూశాడు. "అంతా చదునుగానే ఉంది" అన్నాడు. తరవాత ప్రమిద నా చేతికిచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, గడ్డి పీకి, రెండు చేతులతో మట్టి దగ్గరికి లాగడం మొదలుపెట్టాడు. పైన ఎర్రగా ఉన్న మట్టి, కాస్త లోతుకు పోయేసరికి నల్లగా వచ్చింది. ఆ నల్లమట్టితో జానెడెత్తు పోగు చేసి, పైన అరచేత్తో నొక్కి చదును చేసి, ప్రమిద కోసం చేయి చాచాడు.